మదురైలో తీసిన నాలుగో పటం

పోయిన వారం మా మనవరాలు ఒంటిగా హంపికి బయలుదేరింది. ఉద్యోగంలో పది రోజుల సెలవు దొరికిందట, తోడు ఎవరూ అక్కర్లేదట. వీపున ఒక సంచీ, చేతిలో ఒక ఫోను, అంతే దాని సామాను. కోయంబత్తూరు సింగానల్లూరులో మా ఇంటి వాకిట్లో కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటూ, అవ్వా, నువ్వు ఆ కాలంలోనే కెమెరా పట్టుకుని ఊళ్లు తిరిగినదానివి కదా, ఒంటిగా పోయేవాళ్లకు నాలుగు మాటలు చెప్పు, పటాలు బాగా రావడానికి కూడా ఏదైనా చెప్పు అని అడిగింది. పొద్దు ఉండగానే దిగవలసిన ఊరు చేరుకోమన్నాను. దారి అడగాలంటే పూలమ్మే ఆడవాళ్లను అడగమన్నాను. రోజంతా ఒకేచోట కూర్చునేవాళ్లకు వీధిలో ఎవరు మంచివాళ్లో ఎవరు కాదో తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు మనుషుల్ని తీయవద్దనీ, కళ్ల కింద గుంటలు పడతాయనీ, పొద్దున రెండు గంటలూ సాయంత్రం రెండు గంటలూ మాత్రమే మొహానికి న్యాయం చేస్తాయనీ చెప్పాను. అది అన్నిటికీ తల ఊపింది. చివరికి లేచి నిలబడి, సరే గాని అవ్వా, నువ్వు తీసినవాటిలో అన్నిటికన్నా బాగా వచ్చిన పటం ఏది అంది.

నేను దాని సంచీ పట్టీ సర్ది మాట మార్చాను. ఆటో వచ్చింది, పిల్ల వెళ్లిపోయింది. బాగా వచ్చిన పటం ఏదో నాకు తెలియక కాదు. దాన్ని నేను ఇంతవరకూ ఎవరికీ నా పటమని చెప్పుకోలేదు.

నా ఈడువాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మన ఇళ్లల్లో గడియారాలు ఎక్కడివి. మిల్లు సంగు, అదే సైరను, ఊదితే లేవడం, సంగు ఊదితే వండడం, సంగు ఊదితే పిల్లల్ని బడికి తరమడం. నేను పదిహేనో ఏట నూలు చుట్టే సెక్షనులో చేరాను. మూడేళ్లు తిరిగేసరికి దూదిపొట్టు నా ఛాతీలో చేరి, రాత్రీ పగలూ దగ్గే. ఇది ఇట్లా ఉంటే బ్రతకదని మా అమ్మ ఏడిస్తే, గాంధీపురం దగ్గర సందులో చిన్న స్టూడియో పెట్టుకున్న మా మేనమామ నన్ను తీసుకుపోయి కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చేతికి సూదిలా చెక్కిన పెన్సిలు ఒకటి ఇచ్చాడు. నెగెటివ్‌ల మీద మొటిమలూ మచ్చలూ పోగొట్టడం నా పని. బడిలో నేను చదివింది తమిళమే. ఈ తెలుగు అక్షరాలు కూడా ఆ కిటికీ దగ్గరే, పని లేని మధ్యాహ్నాల్లో, మామ దగ్గరే నేర్చుకున్నాను. ఈ ఋణం మాత్రం తీర్చలేనిది.

నన్ను ఊళ్లకు పంపడం మామకు తోచిన ఉపాయం. ఇక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లలో చాలామంది ఇళ్లల్లో పెళ్లీడు పిల్లను స్టూడియోకి పంపేవాళ్లు కారు, మగవాణ్ని ఇంట్లోకి రానిచ్చి పటం తీయించేవాళ్లూ కారు. ఆడపిల్ల వచ్చి తీస్తుందంటే మాత్రం సరేననేవాళ్లు. అట్లా ఇరవై ఏళ్లకే నేను ఒంటిగా పొళ్లాచ్చి, ఉడుమలైపేట, పళని, దిండుక్కల్ తిరిగాను. మడిచే కెమెరా, ఒక ఫిలిము చుట్టకు ఎనిమిది పటాలు. దాన్ని తువ్వాలులో చుట్టి, బుట్ట అడుగున పెట్టి, పైన కూరాకు పరిచేదాన్ని. చూసేవాళ్లకు నేను సంతకు పోయి వస్తున్న పిల్లను. రైలులో ఆడవాళ్ల పెట్టె ఎక్కి, అందరికన్నా పెద్దావిడ పక్కన చోటు చూసుకుని, ఆమె నన్ను నువ్వెవరు అని అడిగేలోపే అత్తా అని పిలిచి నీళ్లు అడిగేదాన్ని. నీళ్లు ఇచ్చిన మనిషి ఆపైన ఆ ప్రయాణమంతా మనల్ని వదిలిపెట్టదు. దిగే స్టేషనులో ఎవరూ రాకపోయినా, మా చిన్నాయన వస్తాడని గట్టిగా చెప్పేదాన్ని. ఇవి ఎవరూ నేర్పినవి కావు, భయం నేర్పినవి.

పటాల పద్ధతులు మామ నేర్పాడు. వెలుతురు ఎటు నుంచి వస్తుందో చూడకుండా మనిషిని కూర్చోబెట్టకూడదు. మీట నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. నొక్కిన మరుక్షణం ఫిలిము తిప్పాలి, లేకపోతే ఒకరి మీద ఒకరు పడతారు. అన్నిటికన్నా ముఖ్యమైనది, మొదటి పటం ఎప్పుడూ మనుషులు సర్దుకోకముందే తీయాలి అనేవాడు. అది ఇంటివాళ్లకు ఇవ్వడానికి కాదు. ఆ మనిషి నిజంగా ఎట్లా ఉంటుందో మనకు తెలియడానికి.

మదురై నుంచి ఆ జాబు వచ్చింది కార్తీకం వెళ్లిన తరువాత. అక్కడ మిల్లు పక్కన మనవాళ్ల పాత వీధి ఒకటి ఉండేది, ఎన్ని తరాల కిందట వచ్చి చేరారో వాళ్లకే లెక్క తెలియదు. ఆ వీధిలో మిల్లు పని చేసే ఒకాయన మామకు ఎట్లాగో పరిచయం. మా బిడ్డను ఒక పటం తీయాలి, మీ మేనకోడల్ని పంపండి అని రెండే వరుసలు రాశాడు. పెళ్లిచూపులకు కాబోలు అనుకున్నాం. నేను పొద్దున్నే రైలెక్కాను. ఉడుమలైపేట దగ్గర కొబ్బరితోటలు, పళని దగ్గర కొండ, కళ్లల్లో బొగ్గునలుసులు. మధ్యాహ్నం తిరిగాక మదురైలో దిగితే ఆయనే స్టేషనుకు వచ్చి నిలబడి ఉన్నాడు. కనుబొమ్మల మీద దూది ఉంది, షిఫ్టు ముగించుకుని నేరుగా వచ్చాడు. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. నా బుట్ట మాత్రం తానే అందుకున్నాడు.

పెంకుటిల్లు, రెండు గదులు. భార్య నాకు కాళ్లకు నీళ్లిచ్చింది, శొంఠి కాఫీ ఇచ్చింది, నా తల చూసి నూనె పెట్టుకోలేదేమమ్మా అని తానే కొంచెం రాసింది. పదహారేళ్ల పిల్ల ఒకతె ద్వారం దగ్గర నిలబడి నా బుట్టవంక చూస్తోంది. చామనచాయ, పెద్ద నుదురు, చురుకైన పిల్ల. తల్లి లోపలికి పోగానే నా పక్కకు వచ్చి, కోయంబత్తూరు నుంచి ఒంటిగానే వచ్చినావా అక్కా, భయం లేదా అని గుసగుసగా అడిగింది. పటం ఈ పిల్లదేనని అర్థమైంది. పెళ్లికి ఇంకా చిన్నదే కదా అనిపించింది. గోడకు ఒక కొత్త మేకు కొట్టి ఉంది. దానికి ఏమీ తగిలించలేదు.

మర్నాడు పొద్దున్నే నేను స్టూలు వాకిట్లో, చూరు కింద, ఎండ నేరుగా పడని చోట వేశాను. పిల్ల వచ్చి దానిమీద కూర్చుంది. అప్పుడే తల్లి లోపల పెట్టె తెరిచి మడతలు విప్పని నీలం చీర ఒకటి తీసుకుని వస్తోంది. పిల్ల ఆ చీరవంక చూసింది. మామ చెప్పినట్లు నేను ఆ క్షణంలోనే ఒకటి నొక్కేశాను, ఎవరూ గమనించలేదు.

తల్లి ఆ చీర కట్టింది. జడ విప్పి మళ్లీ అల్లి ఎడమ భుజం మీదుగా ముందుకు వేసింది. కనకాంబరాలు తురిమింది, తీసి ఇంకొంచెం కిందికి తురిమింది. నేను రెండోది తీయబోతుంటే, ఉండమ్మా అని వచ్చి, పిల్ల గడ్డం పట్టుకుని తల పక్కకు వంచింది.

"రవంత వాల్చు కన్నూ. అట్ల కాదు. అది అట్ల నిలిచేది కాదు గదా."

"ఏది అత్తా?" అని అడిగాను.

ఆమె నావంక చూడకుండానే చెప్పింది. "పెద్దది."

అప్పుడు తెలిసింది. రెండు నెలల కిందట, పంతొమ్మిదేళ్ల పెద్దపిల్ల కామెర్లతో పోయింది. నేను చేసిన పనే, నూలు చుట్టే సెక్షనులో చేసేది. ఆ నీలం చీర దానికని కొన్నదే. ఇంట్లో దాని పటం ఒక్కటి లేదు. ఏడాది కిందట మిల్లు పిల్లలంతా కలిసి స్టూడియోకి పోయి పటం దిగుతామంటే, పటం తీస్తే ఆయుస్సు తగ్గుతుందని ఈ తల్లే పోనివ్వలేదు. ఆ పిల్ల ఆ పూట ఏడ్చి, అన్నం తినకుండా షిఫ్టుకు పోయిందట. ఇదంతా చెప్పేటప్పుడు ఆమె గొంతు ఏమీ మారలేదు, చేతులు చిన్నదాని కొంగు సర్దుతూనే ఉన్నాయి.

"అక్కాచెల్లెండ్లు ఇద్దరూ ఒకే అచ్చు, అమ్మణ్ణీ. నేను చెప్తా, నువ్వు తియ్యి. నాకు మొగమంతా తెలుసు."

వద్దని చెప్పి ఉండవచ్చు. కెమెరా మడిచి బుట్టలో పెట్టుకుని ఉండవచ్చు. ఎన్నో రాత్రులు ఆ వాకిట్లో నిలబడి వద్దని చెప్పాను, కానీ ఆ పొద్దున చెప్పలేదు. ఆమెను చూస్తే చెప్పలేకపోయాను, అది నిజం. ఈ పని నేను బాగా చేయగలనన్న పొగరు కూడా కొంత ఉండింది, అది కూడా నిజమే. పిల్ల నాన్న మాత్రం గడపలో మాకు వీపు పెట్టి, వీధివైపు చూస్తూ కూర్చున్నాడు. ఒకసారి కూడా తిరిగి చూడలేదు.

తల్లి ఒక గంట చెప్పింది. పెద్దది నవ్వితే పెదవి ఒక పక్కే లేచేది, పన్ను వంకర కనిపించకూడదని. ఊరికే కూర్చున్నా ఎడమచేతి మణికట్టును కుడిచేత్తో పట్టుకునేది, దారం చుట్టీ చుట్టీ అక్కడ నొప్పి గనుక. ఎవరైనా పిలిస్తే ముందు కళ్లు వచ్చేవి, తరువాత తల తిరిగేది. చెంపల దగ్గర రెండు పోగులు ఎంత దువ్వినా నిలిచేవి కావు. ఆమె ఒక్కొక్కటే చెబుతూ ఉంటే, చిన్నది ఒక్కొక్కటే చేస్తూ పోయింది. రెండో పటంలో అది నాటకం ఆడుతున్న పిల్ల. మూడోదానిలో కొంచెం తేడా. నాలుగోదానికి తల్లి చెప్పడం మానేసింది. పిల్ల తనంతట తానే మణికట్టు పట్టుకుంది, తనంతట తానే పెదవి ఒక పక్కకు బిగించింది. కెమెరా అద్దంలో నాకు కనిపించిన మనిషిని నేను అంతకుముందు రోజు చూడలేదు. తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెద్దదాని పేరు పిలిచింది.

ముందు కళ్లు వచ్చాయి, తరువాత తల తిరిగింది. "ఏమ్మా," అంది ఆ పిల్ల.

నేను నొక్కాను. ఊపిరి బిగబట్టాలని కూడా గుర్తులేదు, అది దానంతట అదే నిలిచిపోయింది. అదే నాలుగో పటం.

చిన్నదే నన్ను స్టేషనుకు సాగనంపింది. పాత పావడా ఓణీ వేసుకుని, జడ వెనక్కి వేసుకుని, మళ్లీ చురుకైన పిల్లే. దారి పొడుగునా ఒంటి ప్రయాణం గురించే అడిగింది. ఏ పెట్టె ఎక్కాలి, టికెట్టు ఎక్కడ దాచాలి, ఎవరైనా వెంబడిస్తే ఏం చెయ్యాలి. నేనూ పెద్ద ఆరిందాలా అన్నీ చెప్పాను. వెంబడిస్తే పరుగెత్తవద్దు, ఆడవాళ్లున్న ఏ ఇంట్లోకైనా నేరుగా పోయి వదినా అని పిలువు అన్నాను. అది పెదవులు కదుపుతూ అన్నీ కంఠస్థం పట్టింది. రైలు కదిలేటప్పుడు అడిగింది, అక్కా, ఆ పటంలో ఉండేది నేనా, మా అక్కయ్యా అని. నువ్వే కదా అన్నాను. ఎంత తేలిగ్గా అన్నాను.

వారం తిరక్కుండానే ఆ పిల్ల నాన్న దగ్గర నుంచి ఇంకో జాబు. పెద్దదానికి కింది పెదవి కింద ఎడమవైపు ఆవగింజంత పుట్టుమచ్చ ఉండేది, అది కూడా పెట్టమని వాళ్లమ్మ అడుగుతోంది అని. నెగెటివ్ మీద నలుపూ తెలుపూ తారుమారుగా ఉంటాయి. పెన్సిలుతో అద్దితే పటంలో తెల్లబడుతుంది. లేని నలుపు తేవాలంటే కత్తిమొనతో గీకాలి. పెన్సిలు తప్పు చేస్తే తుడుచుకోవచ్చు, గీకినది మళ్లీ రాదు. మామ నెగెటివ్ నా ముందు పెట్టి, చేస్తావా అని అడిగాడు. చేస్తానన్నాను. ఆ చిన్నదాని గడ్డం మీద, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, కత్తిమొన ఆనించి మూడు గీతలు గీశాను. పటం ముద్రించి మామ కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు. ఇంత బాగా నేను కూడా తీయలేదే అని మెల్లగా అన్నాడు. మదురైకి పంపాం. నా బిడ్డ ఇల్లు చేరింది అని తల్లి ఎవరిచేతనో రాయించి పంపింది.

తరువాత నాలుగేళ్లు మదురైవైపు పోలేదు. ఆ పటం ఒక ప్రతి మామ స్టూడియో గోడకు పెడదామంటే నేనే వద్దన్నాను. నాకు ఆ పిల్ల కలలోకి వచ్చేది, చిన్నది కాదు, పెద్దది. నేను ఎన్నడూ చూడని మనిషి మణికట్టు పట్టుకుని స్టూలు మీద కూర్చుని, నేను పిలిస్తే తిరుగుదామని కాచుకుని ఉండేది. నాకు ఆమె పేరు నోట రాదు. మెలకువ వస్తే మిల్లు సంగు వినిపించేది.

ఒక పగటిపూట, షిఫ్టు వదిలి ఆడవాళ్లు గుంపుగా పోయే వేళ, స్టూడియో మెట్ల మీద ఆమె నిలబడి ఉంది. నీలం చీర కాదు, కానీ అదే తల, అదే పెదవి. నా చేతిలో గాజుపలక కింద పడి పగిలింది. చచ్చిపోయిన పిల్ల వచ్చిందనుకున్నాను. ఆమె గడ్డంవంక చూశాను. అక్కడ మచ్చ లేదు. అప్పుడు గాని నాకు చిన్నది గుర్తుకు రాలేదు.

"నువ్వు చెప్పినట్లే వచ్చినా అక్కా. ఆడోళ్ల పెట్టె ఎక్కితి, ముసలమ్మను నీళ్లడిగితి. ఏమీ భయం లేకుండె."

లోపల కూర్చోబెట్టి అన్నం పెట్టాను. తింటూ చెప్పింది. ఆ మేకుకు ఆ పటం ఎక్కిన రోజు నుంచి ఇంట్లో సాయంత్రం దీపం దానికే. తల్లి దానితోనే మాట్లాడుతుంది. మొదట్లో పొరపాటున తనను పెద్దదాని పేరుతో పిలిచేది, తరువాత అదే పేరైంది. తానూ పలికేది, పలకకపోతే తల్లి ఏడుస్తుందని. పోయిన నెల పెళ్లివాళ్లు చూడటానికి వచ్చారట. మర్యాదలన్నీ బాగానే జరిగాయి. పెళ్లికొడుకు తల్లి తలెత్తి గోడవంక చూసి, దండ వేసిన పటాన్నీ కింద కూర్చున్న పిల్లనూ మార్చి మార్చి చూసి, కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. అది అక్కయ్య అని నాన్న ఎంత చెప్పినా ఆమె వినలేదు. బ్రతికి ఉండే పిల్లకు దండ వేసిన ఇల్లు మాకు వద్దని లేచిపోయారు. ఆ మాట వీధంతా పాకింది.

"అది అబద్ధం కాదు గదా అక్కా. దండ నాకే గదా వేసింది."

ఆ మాట అనేటప్పుడు ఆమె ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకుని ఉంది. తనకు తెలియకుండానే.

నాకు నా పటం ఒకటి తీసి ఇవ్వు, అది తీసుకుపోయి మా అమ్మకు చూపిస్తాను అంది. స్టూలు వేశాను. తెర సర్దాను. ఆమె కూర్చోగానే తల పక్కకు వాలింది, పెదవి బిగిసింది. అట్లా వద్దు, నీకు తోచినట్లు కూర్చో అన్నాను. ఎన్నిసార్లు సర్దుకున్నా అదే. చివరికి ఆమె చేతులు ఒళ్లో పడేసి, నేను ఎట్ల కూర్చుంటానో నాకు తెలీలేదక్కా అంది. ఆ పూట నేను మీట నొక్కలేదు.

అప్పుడు మొదటి పటం గుర్తుకు వచ్చింది. పాత కవర్లన్నీ దించి, మదురై అని రాసినదానిలో ఆ నెగెటివ్ వెతికి పట్టుకున్నాను. చీకటిగదిలో ఎర్రదీపం కింద ఇద్దరమే నిలబడ్డాం. పళ్లెంలో తెల్లకాగితం మీద మెల్లగా ఒక పదహారేళ్ల పిల్ల తేలింది. పెద్ద నుదురు, తెరిచిన నోరు, జడ వెనకే ఉంది. కెమెరావంక చూడటం లేదు, పక్కకు, తల్లి చేతిలోని చీరవంక చూస్తోంది. ఎంత బెదిరిపోయి ఉందో నేను అప్పుడు చూడనే లేదు. ఆమె ఆ తడి కాగితం మీదికి వంగి చాలాసేపు చూసి, ఇది నేనే అంది.

మర్నాడు ఇద్దరం కలిసి మదురై పోయాం. నా ప్రయాణాలన్నిటిలో తోడున్నది అదొక్కటే, భయం వేసిందీ అదొక్కటే. తల్లి మాకు కాళ్లకు నీళ్లిచ్చింది. గోడ మీద నా నాలుగో పటం, దండతో, చూస్తోంది. నేను మొదటి పటం ఆమె చేతికిచ్చాను. ఎవరిదమ్మా ఈ బిడ్డ అని అడిగింది. తరువాత ఎదురుగా నిలబడ్డ కూతురివంక చూసింది. అక్కడే గోడకు ఆనుకుని కూలబడింది.

"ఒక మాట చెప్పేదా అమ్మణ్ణీ. ఎవరికీ చెప్పలేదు. కండ్లు మూసుకుంటే ఈ పటమే వస్తాది. నా పెద్దదాని మొగం నాకు రాలేదు. నిండా దినాలైపోయె."

ఆమెకు ఒక మొహం ఇచ్చాననుకున్నాను, ఉన్నదాన్ని తుడిచేశాను. పటం దించమని ఆమె నావంక చూసింది, నా చేతులు లేవలేదు. కూతురూ కదలలేదు. గడపలో కూర్చున్న నాన్న లేచాడు. ఆ ఇంట్లో ఆయన గొంతు నేను విన్నది అప్పుడే. ఇంట్లో ఉండే బిడ్డను చూసుకుంటాం అన్నాడు. స్టూలు వేసుకుని పటం దించి, దండ తీసి, పెట్టెలోని నీలం చీరలో చుట్టి అడుగున పెట్టాడు. తరువాత కటింగ్ ప్లేయరు తెచ్చి ఆ మేకు కూడా పీకేశాడు. తల్లి కూతుర్ని దాని సొంత పేరుతో పిలిచింది. రెండుసార్లు పిలిస్తే గాని ఆ పిల్ల పలకలేదు.

మరుసటి ఏడు ఆమెకు పెళ్లయింది. పెళ్లికొడుకు కోయంబత్తూరులో లేతు మిషను మీద పని చేసేవాడు, మా వీధికి రెండు వీధుల అవతల కాపురం. అరవై ఏళ్లు నాకు చెల్లెలిగానే ఉండింది. మంచి కాపురం, ఇద్దరు పిల్లలు, పెద్ద నవ్వు. అయినా పటం మాత్రం దిగేది కాదు. పెళ్లిపటంలో తల వంచుకుంది, పిల్లల పటాల్లో వాళ్ల వెనక దాక్కుంది. ఎవరైనా వెనక నుంచి హఠాత్తుగా పిలిస్తే కొన్నిసార్లు ముందు కళ్లు వచ్చేవి, తరువాత తల తిరిగేది. అది చూసినప్పుడల్లా నేను చేతిలో పని ఆపేసేదాన్ని. పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఆమె ఒంటిగా తిరగడం మొదలుపెట్టింది. రామేశ్వరం, కన్యాకుమారి, ఒకసారి కాశీ కూడా. కెమెరా తీసుకుపొమ్మంటే నవ్వేది. తిరిగివచ్చి మా అరుగు మీద కూర్చుని, చూసిన ప్రతి మనిషినీ చెప్పేది, రామేశ్వరంలో గవ్వలు అమ్మే ముసలాయన చెవి ఎట్లా వంగి ఉందో కూడా. మధ్యాహ్నం మొదలుపెడితే పొద్దు కుంకేది. నాలుగేళ్ల కిందట పోయింది. నాకు ఆమె తలపుకు వస్తే ఒక్కొక్కసారి గడ్డం మీద మచ్చతో వస్తుంది. లేదు, ఆమెకు మచ్చ లేదు అని నాకు నేను చెప్పుకోవలసి వస్తుంది.

మిల్లులు చాలావరకు మూతపడ్డాయి. సంగు ఊదేవాళ్లు లేరు. కత్తిమొనతో గీకే పని ఇప్పుడు పసిపిల్లలు వేలితో చేస్తున్నారు, చెరిపేస్తున్నారు కూడా. అది మంచిదే, నాకు ఆ సౌకర్యం లేకపోయింది. బిడ్డ పోతే పటం లేదని ఏడ్చే తల్లి ఈ రోజుల్లో ఉండదు, అదీ మంచిదే. కానీ మనిషి ఎట్లా ఉంటుందని అడిగితే ఉండు చూపిస్తాను అనేవాళ్లే తప్ప, కూర్చో చెబుతాను అనేవాళ్లు నాకు కనిపించడం లేదు. మదురైలో ఆ తల్లి, కాగితం ముక్క లేకుండా, పన్ను దగ్గర నుంచి చెంప మీది పోగు దాకా, ఒక గంటసేపు తన పెద్దబిడ్డను నాకు చెప్పింది. ఆ గంట ఆ పిల్ల మొహం ఆమెకు పూర్తిగా తెలుసు. వింటూ నిలబడ్డందుకు కొంచెం నాకూ తెలిసింది. ఆ తరువాత నేను మీట నొక్కాను. ఇప్పుడు ఆ మొహం ఎవరికీ తెలియదు.